ఆగి ఉంటే ఇల్లు, కదిలితే లారీ: పెన్న ఒడ్డున అద్దె కారవాన్‌తో మూడు రాత్రులు

నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి ప్రొద్దుటూరులో స్థిరపడిన నేను కాలువగట్ల మీదా, ఆనకట్టల దగ్గరా లెక్కలేనన్ని రాత్రులు గడిపాను గానీ, భార్యాబిడ్డలతో కలిసి నీళ్ల పక్కన నిద్రచేసే యోగం మాత్రం మొన్నటి డిసెంబరు చివరి వారంలోనే పట్టింది. బెంగళూరులో ఉంటున్న మా అమ్మాయి, పిల్లల సెలవులను బంధువుల ఇళ్ల చుట్టూ తిరగడంతో గడపకుండా ఒక చోట తీరికగా గడపాలని, అక్కడి ఒక సంస్థ నుంచి కారవాన్‌ను డ్రైవరుతో సహా మూడు రాత్రులకు అద్దెకు మాట్లాడింది. అల్లుడికి సెలవు దొరకలేదు. నేనూ, నా భార్యా, అమ్మాయీ, తొమ్మిదేళ్ల మనవడూ, ఆరేళ్ల మనవరాలూ కలిపి ఐదుగురం. గమ్యం జమ్మలమడుగు దాటాక మైలవరం జలాశయం ఒడ్డు. అక్కడి నుంచి గండికోట చూడటం, వీలైతే బెలుం గుహలకు వెళ్లిరావడం మా ఆలోచన.

బండి గురించి ముందుగా చెబుతాను. పొడవాటి వ్యాను మీద కట్టిన ఈ వాహనంలో నలుగురికి పడకలు, ఆరుగురికి కూర్చునే చోటు, ఒక మూల చిన్న మరుగుదొడ్డి, దానిలోనే స్నానానికి షవరు, ఇంకో వైపు కొళాయి తొట్టి, విద్యుత్ పొయ్యి, చిన్న ఫ్రిజ్ ఉన్నాయి. పగలు బల్లగా ఉండేది రాత్రికి కిందికి దిగి పడక అవుతుంది. పక్కనుంచి బయటికి లాగే గుడ్డ పందిరి ఒకటి ఉంది. దాని కింద నాలుగు మడత కుర్చీలు వేస్తే పంచలో కూర్చున్నట్టే ఉంటుంది. నలుగురి పడకలో ఐదుగురం ఎట్లా సర్దుకున్నామంటే, పిల్లలిద్దరినీ అమ్మాయి తన పక్కనే వేసుకుంది. బండి సామాను శుభ్రంగా ఉంది, దుప్పట్లు ఉతికినవే, మరుగుదొడ్డిలో దుర్వాసన లేదు. అద్దె రోజుకు 12,000 రూపాయలు, రోజుకు రెండు వందల కిలోమీటర్ల వరకు అదే అద్దె, ఆపైన కిలోమీటరుకు వేరుగా. ఇవి కాక పదివేలు డిపాజిట్టు. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయదలచుకోలేదు. నేను రాసేది ఈ తరహా బండిని మన సీమలో వాడుకోవడం గురించే తప్ప ఫలానా సంస్థ గురించి కాదు.

బండి కదులుతున్నప్పుడు ఎట్లా ఉంటుందో ప్రొద్దుటూరు దాటిన పది నిమిషాలకే తెలిసిపోయింది. మొదటి స్పీడు బ్రేకరు మీద పై అలమారా గొళ్లెం ఊడి బొరుగుల సంచి, చెనక్కాయల డబ్బా నా భార్య ఒడిలో పడ్డాయి. పళ్లేలు, గిన్నెలు ఎంత గుడ్డలు కుక్కినా మోగుతూనే ఉన్నాయి. పిల్లలు కూర్చున్నది పక్కవాటుగా ఉన్న సోఫా మీద. దానికి నడుము పట్టీ మాత్రమే ఉంది, భుజం పట్టీ లేదు. పక్కవాటు సీటులో కిటికీ బయట లోకం అడ్డంగా పరుగెత్తుతుంది కాబట్టి చిన్నపిల్లలకు కడుపులో తిప్పుతుంది. మనవరాలు జమ్మలమడుగు చేరేలోపే వాంతి చేసుకుంది. అక్కడి నుంచి ఆ పిల్లను డ్రైవరు వెనుక వరుసలో ముందుకు చూసేలా ఉండే సీటులోకి మార్చాక కుదుటపడింది. పిల్లలతో వెళ్లేవారు బండి మాట్లాడుకునేటప్పుడే ముందుకు చూసే సీట్లు ఎన్ని, వాటికి పూర్తి పట్టీలు ఉన్నాయా అని అడగడం మంచిది. మా అమ్మాయి ఫొటోలు చూసి పడకలు లెక్కపెట్టింది గానీ సీట్లు లెక్కపెట్టలేదు.

నిలపడానికి చోటు ముందుగానే కుదుర్చుకున్నాం. జలాశయం వెనుక నీళ్లకు కొంచెం ఎగువన నాకు పాత పరిచయం ఉన్న ఒక రైతు పొలం ఉంది. గట్టు మీద వేపచెట్టు, పక్కన మోటారు షెడ్డు, చుట్టూ బుడ్డశెనగ పైరు. రోజుకు ఐదు వందలు ఇస్తామంటే ఆయన మొదట ఒప్పుకోలేదు, తరువాత పిల్లల పేరు చెప్పి తీసుకున్నాడు. గండికోటలో కోట బయటే పర్యాటక శాఖ వారి హరిత విడిది ఉంది. గుడారాలు అద్దెకిచ్చేవారూ ఉన్నారు. కానీ గండి అంచున నీళ్లు అందవు, అవి ఎన్నో అడుగుల కింద పారుతాయి. చిన్నపిల్లలతో అంచున రాత్రిపూట ఉండటానికి నాకు ధైర్యం చాలలేదు. ఈ పొలం దగ్గరైతే ఒడ్డు వాలుగా ఉంటుంది, నీళ్లకూ బండికీ మధ్య ఒక కయ్యంత దూరం ఉంటుంది. పెద్దవాళ్లు తోడు లేకుండా ఆ కయ్య దాటకూడదని మొదటి సాయంత్రమే గీత గీసి చెప్పాం. జలాశయపు నీళ్లు పైకి నిశ్చలంగా కనిపించినా ఒడ్డు నుంచి నాలుగడుగులు వేస్తే లోతు ఎంతో చెప్పలేం.

బండి నిలిపాక మొదటి పని దాన్ని సమంగా నిలబెట్టడం. ఈ సంగతి తెలియనివారికి ఇది చిన్న విషయంగా తోస్తుంది. బండి ఒక వైపు వాలితే పడుకున్నవారి తలకు రక్తం దిగుతుంది, తొట్టిలో నీళ్లు పోవు, తలుపు తనంతట తానే తెరుచుకుంటుంది. డ్రైవరు దగ్గర దిమ్మెలు రెండే ఉన్నాయి. మనవడు చిత్రాన్నం కోసం తెచ్చిన నిమ్మకాయను బల్ల మీద పెట్టి వదిలితే అది నేరుగా మరుగుదొడ్డి వైపు దొర్లిపోయింది. రైతు షెడ్డు వెనుక పడి ఉన్న కడప బండ ముక్కలను తెచ్చి వెనుక చక్రాల కింద ఒకటి మీద ఒకటి పేర్చి, ప్రతిసారీ బండిని అంగుళం అంగుళం ఎక్కించి, మళ్లీ నిమ్మకాయ పెట్టి చూసుకుంటూ పోయాం. ఐదోసారికి నిమ్మకాయ ఉన్నచోటే నిలిచింది. ఆ మూడు రోజులూ ఆ నిమ్మకాయను పిండటానికి వాడు ఒప్పుకోలేదు. నా భార్యకు మోకాళ్ల నొప్పి. బండి మొదటి మెట్టు మరీ ఎత్తుగా ఉండటంతో ఇంకో బండను దాని కింద మెట్టుగా వేశాం. మన ప్రాంతంలో ఈ బండలు ఇంటింటా గోడకు ఆనించి ఉంటాయి కాబట్టి సరిపోయింది.

ఇక నీళ్లు. ఈ సమీక్షలో నేను ఎక్కువ చెప్పవలసింది దీని గురించే. బండి కింద మంచినీళ్ల ట్యాంకు 150 లీటర్లది. వాడిన నీళ్లు చేరే ట్యాంకు వేరు, మరుగుదొడ్డి పెట్టె వేరు. మొదటి రాత్రి పిల్లలు షవరు కొత్త అని ఇద్దరూ చెరి పావుగంట తడిశారు, అంట్లు కడిగాం, పొద్దున లేచి కొళాయి తిప్పేసరికి పంపు గుర్రుమని గాలి కక్కింది. ఐదుగురికి 150 లీటర్లంటే మనిషికి ముప్పై, అంటే రెండు బిందెలు కూడా నిండవు. ఇల్లు కట్టుకుని కొళాయిలకు అలవాటుపడ్డవాళ్లకు ఆ లెక్క తట్టదు. రైతు బోరు త్రీఫేజు కరెంటు ఉన్న వేళల్లోనే నడుస్తుంది, ఆ రోజు అది పదిగంటలకు గానీ రాలేదు. అందాకా రైతు భార్య ఇచ్చిన రెండు బిందెల నీళ్లే గతి అయ్యాయి.

రెండో రోజు నుంచి ఇంట్లో వారబందీ, అంటే కాలువ నీళ్లను వంతులవారీగా పంచే పద్ధతి, పెట్టాను. పిల్లలకు చెరి రెండు చెంబుల స్నానం, అంట్లు బయట తొట్టిలో కడగడం, పళ్లు తోముకునేటప్పుడు కొళాయి కట్టేయడం. ట్యాంకు ఎంత నిండిందో చూపే నాలుగు చిన్న దీపాలు తలుపు దగ్గర ఉన్నాయి. వాటిని చూసి గంటగంటకూ చెప్పే బాధ్యత మనవడికి అప్పగించి వాడికి లస్కర్ ఉద్యోగం ఇచ్చాను. మా కాలంలో కాలువ తూముల దగ్గర కాపలా ఉండేవారి హోదా అది. వాడు ఎంత కఠినంగా చేశాడంటే వాళ్ల అవ్వ కాఫీ గిన్నె తొలుచుకోవడానికి కూడా అనుమతి అడగవలసి వచ్చింది. “తాతా, మూడో లైటు ఆరిపోయింది, తూము మూసేస్తున్నా” అని వాడు కేక వేసినప్పుడు నవ్వు ఆగలేదు గానీ, ఆ రోజు నుంచి మాకు నీటి కరువు రాలేదు.

ఒడ్డున కూర్చున్నప్పుడు వాడే ఇంకో ప్రశ్న అడిగాడు: ఇవి పెన్న నీళ్లేనా అని. ప్రొద్దుటూరు వంతెన మీదుగా వచ్చేటప్పుడు వాడు చూసింది ఎక్కువగా ఇసుకే మరి. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి అనంతపురం జిల్లా మీదుగా మన జిల్లాలోకి వచ్చే పెన్నలో ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లు కనిపించవు. ఎగువన ఉన్న గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు, దాన్ని నింపేది ప్రధానంగా గాలేరు–నగరి పథకం కింద శ్రీశైలం నుంచి తెచ్చే కృష్ణా జలాలు. అక్కడి నుంచి వదిలితే మైలవరానికి చేరతాయి. కాబట్టి నువ్వు కాళ్లు పెట్టిన నీళ్లలో కృష్ణమ్మ వాటా కూడా ఉందని చెప్పాను. గండికోట జలాశయం కింద కొండాపురం మండలంలో ఊళ్లకు ఊళ్లే మునిగాయని, అక్కడి జనం ఇళ్లు వదిలి వేరే చోట కట్టుకున్నారని కూడా చెప్పాను. ఒక్క నిమిషం మౌనంగా ఉండి, “మరి వాళ్ల కుక్కలో?” అని అడిగింది మనవరాలు. దానికి నా దగ్గర జవాబు లేదు.

కరెంటు సంగతి. పైకప్పు మీది సోలారు పలకలు, సీటు కింది బ్యాటరీలు కలిసి దీపాలకు, ఫ్యానుకు, నీటి పంపుకు, ఫోన్ల ఛార్జింగుకు చక్కగా సరిపోయాయి. ఏసీ మాత్రం బయటి కరెంటు ఉంటేనే రాత్రంతా నడుస్తుంది. బ్యాటరీ మీద గంట నడిచి ఆగిపోయింది. డిసెంబరు చలిలో మాకు దానితో పనిపడలేదు. నలభై డిగ్రీలు దాటే మన ఎండాకాలంలో బయటి కరెంటు లేని చోట ఈ బండి ఇనుప పెట్టెలా కాగుతుంది కాబట్టి, ఏప్రిల్, మే నెలల్లో తీసుకోవాలనుకునేవారు ఆ ఆలోచన మానుకోవడమే మేలు. విద్యుత్ పొయ్యి విషయంలో మాకు నిరాశే ఎదురైంది. లోపల గ్యాసు వాడకూడదన్నది సంస్థ నిబంధన, అది సబబే. కానీ షెడ్డు నుంచి లాగిన తీగలో సాయంత్రం వోల్టేజీ తగ్గగానే పొయ్యి పదేపదే ఆగిపోయింది. నా భార్య రెండుసార్లు చూసి, మూడోసారి మాట్లాడకుండా వెళ్లి గట్టు కింద మూడు రాళ్లు పెట్టి కంది కట్టెతో మంట వేసింది. ఆ రాత్రి రాగి సంగటి, చెనక్కాయల చట్నీ, రైతు ఇచ్చిన లేత వంకాయల పులగూర అక్కడే అయ్యాయి. మరుసటి పొద్దున ఉగ్గాని కూడా ఆ రాళ్ల మీదే. బొరుగులు నానబెట్టడానికి మళ్లీ లస్కర్ అనుమతి కావలసి వచ్చిందనుకోండి. పుట్టి మీద వల వేసేవారు రెండో సాయంత్రం చేపలు తెచ్చి అమ్మారు. చేపను బండి లోపల మాత్రం వేయించకూడదు, ఆ వాసన దుప్పట్లలోకి ఎక్కితే దిగదు.

పెద్దవాళ్లకు ఈ బండి ఇచ్చే అసలైన సుఖం మరుగుదొడ్డి. ఇందులో సందేహం లేదు. రాత్రి రెండు గంటలకు మోకాళ్ల నొప్పితో ఉన్న మనిషి చీకట్లో పొలానికి పోనక్కరలేదు, చిన్నపిల్లను నిద్రలో లేపి బయటికి తీసుకుపోనక్కరలేదు. కూర్చునే దొడ్డి కావడంతో నా భార్యకు మరీ సులువైంది. కోట చూడటానికి, గుహలు చూడటానికి వెళ్లినప్పుడు కూడా నీడపట్టున బండి నిలిపి ఆడవాళ్లు వచ్చి పోయారు. విహారయాత్రలంటే ఆమె ఇన్నాళ్లూ వెనుకాడిన కారణం ఇదేనని ఈ వయసులో నాకు తెలిసింది. అయితే ఆ దొడ్డి పెట్టెను ఎక్కడ ఖాళీ చేయాలన్నది సంస్థ చెప్పలేదు. మన దగ్గర అందుకు వేరుగా ఏర్పాటు చేసిన చోటు మాకు ఎక్కడా కనిపించలేదు. పొలంలోనో, నీళ్ల పక్కనో పారబోయడం కుదరని పని. ఈ నీళ్లే రేపు మా ఊరి పక్కగా పోతాయి. చివరకు ఊళ్లో రైతు ఇంటి సెప్టిక్ దొడ్డిలో పోయడానికి ఆయన ఒప్పుకుంటే, మూడో పొద్దున డ్రైవరు ఆ పని చేశాడు. ఇది ముందుగా మాట్లాడుకోకపోతే అందరికీ ఇబ్బందే.

డ్రైవరు గురించి కూడా ఒక మాట. బండిలో అతనికి పడక లేదు. ముందు సీటులో ముడుచుకుని పడుకుంటానన్నాడు. పగలంతా మమ్మల్ని తిప్పవలసిన మనిషి అట్లా పడుకోవడం నాకు నచ్చక షెడ్డులో నులక మంచం, కంబళి ఏర్పాటు చేయించాను. రోజుకు అంత అద్దె తీసుకునే సంస్థ డ్రైవరు నిద్రను ఎవరి దయకో వదిలేయడం బాగాలేదు.

గండికోట గురించి కొత్తగా చెప్పవలసింది తక్కువ. పెన్న ఎర్రమల కొండలను కోసుకుంటూ చేసిన గండి పక్కన ఉన్న కోట కాబట్టి ఆ పేరు. పెమ్మసాని నాయకులు ఏలిన ఈ కోటను గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు, 1652లో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే వచ్చి చూశాడు. కోట ద్వారం మలుపుల్లోకి అంత పెద్ద బండిని తేవడం వద్దని డ్రైవరు బయటే నిలిపాడు, అది మంచి నిర్ణయం. మాధవరాయ ఆలయ గోపురం, జామియా మసీదు, ధాన్యాగారం చూసి గండి అంచుకు చేరేసరికి పిల్లలు అలసిపోయారు. తిరిగి బండికి వచ్చి పందిరి కింద మజ్జిగ తాగి రెండు గంటలు నిద్రపోయారు. లాడ్జిలో దిగి ఉంటే ఆ రెండు గంటల నిద్ర దొరికేది కాదు.

మూడో రోజు బెలుం గుహలకు బయలుదేరడం పొరపాటని నా అభిప్రాయం. గుహలు చూడదగ్గవే. కొలిమిగుండ్ల దగ్గర, ఇప్పటి నంద్యాల జిల్లాలో ఉన్న ఈ గుహల పొడవు 3,229 మీటర్లు, అందులో సుమారు కిలోమీటరున్నర వరకే జనాన్ని పోనిస్తారు. పాతాళగంగ దాకా దిగి వచ్చిన పిల్లలు ఇప్పటికీ దాని గురించే చెబుతున్నారు. పొరపాటు గుహలది కాదు, బండిది. ఒక పూట ప్రయాణం కోసం పందిరి మడవాలి, కుర్చీలు, గిన్నెలు సర్దాలి, తీగ పీకాలి, పడకలు ఎత్తాలి, బండల మీద నుంచి దిగాలి. తిరిగి వచ్చాక ఇవన్నీ మళ్లీ మొదటి నుంచి, నిమ్మకాయతో సహా చేయాలి. జమ్మలమడుగు నుంచి ఒక కారు మాట్లాడుకుని వెళ్లి ఉంటే సగం ఖర్చుతో, సగం సమయంలో అయ్యేది.

అసలు చిక్కు తిరుగు ప్రయాణం నాటి పొద్దున వచ్చింది. బండి కదలలేదు. వెనుక కుడి చక్రం బురదలో ఇరుసు దాకా దిగి ఉంది. వాన ఒక్క చుక్క పడలేదు. వంగి చూస్తే, వాడిన నీళ్లు బయటికి వదిలే గొట్టం సరిగ్గా ఆ చక్రానికి ముందు ఉంది. ముందు రోజు రాత్రి ట్యాంకు నిండిందని డ్రైవరు గొట్టం తిప్పి పొలంలోకి వదిలాడు. సబ్బు నీళ్లు, అంట్ల నీళ్లు అన్నీ కలిసి నల్లరేగడిలో ఇంకి మన్ను జిగటగా మారింది. గుహల నుంచి తిరిగి వచ్చాక చీకటి పడిందని బండలను మునుపటిలా పేర్చకుండా ఒక్కటే వేసి సరిపెట్టాం, అది కూడా పక్కకు జారింది. రేగడిలో నీరు నిలిస్తే ఏమవుతుందో ముప్పై ఏళ్లు జీతం తీసుకుని చూసిన నేను ఆ గొట్టం ఎక్కడుందో ఒక్కసారి కూడా అడగలేదు. రైతు ట్రాక్టరు తెచ్చి, బండలు తిరిగి చక్రం కింద పరిచి, గొలుసుతో లాగితే గంటన్నరకు బయటికి వచ్చింది. బుడ్డశెనగ రెండు సాళ్లు నలిగాయి. వాటికి డబ్బు ఇస్తామంటే రైతు తీసుకోలేదు, ట్రాక్టరు డీజిలుకు మాత్రం తీసుకున్నాడు.

బండి బెంగళూరు చేరిన రెండు రోజులకు డిపాజిట్టులో 1,500 రూపాయలు శుభ్రపరిచే రుసుముగా కోసుకున్నట్టు అమ్మాయికి సందేశం వచ్చింది. నీళ్లు వదిలే గొట్టం చోటు గురించి ముందుగా చెప్పకపోవడం, డ్రైవరే దాన్ని తిప్పడం రెండూ రాసి పంపితే సగం తిరిగి ఇచ్చారు. మిగతా సగం గురించి నేను వాదించలేదు.

వచ్చే డిసెంబరుకు మళ్లీ మాట్లాడమని పిల్లలు అడుగుతున్నారు, మేమూ సరేనన్నాం. ఈసారి రెండు రాత్రులే, ఒకే చోట, గట్టి నేల మీద. కోటకైనా మరెక్కడికైనా కారులో. బండలు నాలుగు ఎక్కువ ఉంచమని రైతుకు ఇప్పటికే ఫోను చేసి చెప్పాను. నిమ్మకాయ తానే తెస్తానని మనవడు అన్నాడు.